తగ్గాల్సింది కొవ్వు, కండ కాదు



బరువు తగ్గాలని ప్రయత్నిస్తున్నవారు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. డాక్టరు గారు చెప్పారనో, మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయనో, షుగరు అదుపులోకి రావడం లేదనో, ఏదో ఒక కారణం ఉంటుంది. ప్రయత్నం మంచిదే. అయితే ఆ ప్రయత్నంలో మనం చేస్తున్న ఒక పొరపాటు గురించి ఈసారి రాస్తున్నాను. ఆ పొరపాటులో ఆసుపత్రిలో పనిచేసే మా వంతు కూడా ఉంది కాబట్టి మొదట మా సంగతే చెబుతాను.

రిటైరైన ఒక టీచరమ్మ గారు మా ఫిజియోథెరపీ గదికి వచ్చారు. వయసు 61. అంతకు ఏడాది ముందు ఆవిడ బరువు 78 కిలోలు. షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. "బరువు తగ్గాలమ్మా, రోజూ నడవండి, తిండి తగ్గించండి" అని ఓ.పి.లో చెప్పి పంపించాము. ఆవిడ మాట మీద నిలబడే మనిషి. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కొంచెం అన్నం, చారు, రాత్రి ఒక్క పుల్కా. కొవ్వు చేస్తుందని గుడ్డు మానేశారు, చేప మానేశారు, పాలు మానేశారు. వానొచ్చినా ఎండొచ్చినా రోజూ గంటసేపు నడిచారు. పది నెలల్లో 12 కిలోలు తగ్గారు. ఆదివారం చర్చి అయ్యాక అందరూ చుట్టూ చేరి "ఎంత సన్నబడ్డారండీ!" అని మెచ్చుకున్నారు. అలా మెచ్చుకున్నవారిలో నేనూ ఒకదాన్ని.

ఆ తరువాత రెండు నెలలకు ఆవిడ బాత్‌రూములో జారి పడ్డారు. కుడిచేయి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మా గదికి పంపారు. చేయి సంగతి చూస్తుండగా ఆవిడ అన్నమాట ఇది: "సన్నబడ్డాను గానీ సత్తువ పోయిందమ్మా. చర్చిలో చాప మీద నుంచి లేవాలంటే పక్కావిడ భుజం పట్టుకోవాల్సి వస్తోంది. లావుగా ఉన్నప్పుడు కూడా నేనే లేచేదాన్ని."

కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టాను. ఆరుసార్లు లేచారు. ఆ వయసు స్త్రీలు కనీసం 12 సార్లు లేవగలగాలి.

మేము ఆవిడను బరువు తగ్గించమన్నాము. ఏ బరువు తగ్గించుకోవాలో చెప్పలేదు. నా అభిప్రాయం ఒక్కటే: బరువు తగ్గే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్ళు, తిండి తగ్గించడం, నడవడంతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బరువు పని చెప్పాలి. అది ఇష్టముంటే చేసేది కాదు. మందుల చీటీలో రాయవలసినది.

తగ్గిన కిలోలలో ఏముంది?

బరువు చూసే మిషను అంకె చెబుతుందే గానీ, తగ్గినది కొవ్వా, నీరా, కండా అన్నది చెప్పదు. తిండి తగ్గించి మాత్రమే బరువు తగ్గినవారిలో, తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిది ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందులో కండ ముఖ్యమైనది. ఆ లెక్కన మన టీచరమ్మ గారు పోగొట్టుకున్న 12 కిలోలలో దాదాపు 3 కిలోలు పోకూడనివి. మాంసకృత్తులు బొత్తిగా మానేశారు కాబట్టి ఇంకా ఎక్కువే పోయి ఉండవచ్చు.

కండ అంటే పహిల్వాన్ల సొత్తు అనుకుంటాము. నిజానికి మనలను పీట మీద నుంచి లేపేది కండ. బస్సు మెట్టు ఎక్కించేది కండ. కాలు జారినప్పుడు తమాయించుకునే బలం ఇచ్చేది కండ. షుగరు ఉన్నవారికి ఇంకొక మేలు ఉంది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను తీసుకొని దాచుకునేవి కండరాలే. కండ తగ్గితే ఆ చక్కెరకు చోటు తగ్గుతుంది. కండరాలు లాగుతూ ఉంటేనే ఎముకలు కూడా గట్టిగా ఉంటాయి.

పైగా మన దేశస్థులకు మొదటి నుంచీ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటోను 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బి.ఎం.ఐ., ఇద్దరికీ ఒక్కటే: 22.3. కానీ ఇంగ్లండు డాక్టరు గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, మన డాక్టరు గారి ఒంట్లో 21.2 శాతం ఉంది. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. అసలే కండ తక్కువగా ఉన్న మనం, బరువు తగ్గే పేరుతో ఉన్న కాస్తా పోగొట్టుకుంటే మిగిలేది ఏమిటి?

మన అమ్మమ్మలు జిమ్ముకు వెళ్ళారా అని కొందరు అడుగుతారు. వెళ్ళలేదు. వెళ్ళవలసిన పని లేదు. రోట్లో దంచారు, తిరగలి తిప్పారు, బావిలో నుంచి చేదతో నీళ్ళు తోడారు, బిందె చంకన పెట్టుకొని మోశారు. అది బరువు వ్యాయామమే. ఆ కష్టం మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. మిక్సీ, మోటారు రావడం మేలే. కానీ ఆ పనితో పాటు చేతుల్లోని, కాళ్ళలోని బలం కూడా పోతోంది. దాన్ని వేరే దారిలో తిరిగి తెచ్చుకోవాలి.

నడక చాలదా?

ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, మనసుకు మంచిది. ఎవరూ మానవద్దు. కానీ నడక ఒక్కటే కండను కాపాడలేదు.

2017లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 65 ఏళ్ళు దాటిన, ఊబకాయం ఉన్న 160 మందిని అమెరికాలో ఆరు నెలల పాటు గమనించారు. ఒక గుంపు ఉన్నట్టే ఉన్నారు. మిగిలిన మూడు గుంపులూ తిండి తగ్గించారు. వారిలో ఒక గుంపు నడక వంటి వ్యాయామం చేశారు, ఒక గుంపు బరువులు ఎత్తారు, ఒక గుంపు రెండూ చేశారు. ఈ మూడు గుంపులలోనూ బరువు ఇంచుమించు ఒకే రీతిగా, 9 శాతం తగ్గింది. మిషను చూస్తే ముగ్గురూ సమానమే. లోపల మాత్రం తేడా ఉంది. కొవ్వు కాని శరీర భాగం నడక గుంపులో 5 శాతం తగ్గితే, బరువులెత్తిన గుంపులో 2 శాతం, రెండూ చేసినవారిలో 3 శాతం తగ్గింది. తుంటి ఎముక గట్టిదనం నడక గుంపులో 3 శాతం తగ్గింది, బరువులెత్తినవారిలో అర శాతమే తగ్గింది. రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యం అందరికంటే ఎక్కువగా, 21 శాతం, పెరిగింది రెండూ చేసినవారిలో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన కూడా ఇదే. పెద్దలందరూ వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకుగా నడవడం వంటి వ్యాయామం చేయాలి, దానితో పాటు వారానికి రెండు రోజులు లేక అంతకన్నా ఎక్కువ కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలి. మనం మొదటి సగం చదివి రెండవ సగం వదిలేశాము.

మన భయాలు

"ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా అవుతారు" అంటారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అంత ఎత్తడానికి ఏళ్ళ తరబడి సాధన కావాలి. మనం రెండు లీటరు సీసాలు ఎత్తినంత మాత్రాన మగవాళ్ళలా మారము. స్త్రీల శరీరంలో అంత కండ పెంచే హార్మోను అంతగా ఉండదు.

"నాకు వయసైపోయింది" అంటారు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో సుమారు 90 ఏళ్ళ వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. చివరి వరకు చేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళకు పెరిగిన బలం అరవై ఏళ్ళకు పెరగదా?

"మొదలుపెట్టాక బరువు తగ్గడం ఆగిపోయింది" అని కొందరు మానేస్తారు. మొదటి కొన్ని వారాలు అలా జరగవచ్చు. అందుకే మిషనుతో పాటు టేపు కూడా వాడండి. నడుము చుట్టుకొలత ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదన్నది మన దేశంలో పాటించే లెక్క. బరువు అంతే ఉండి నడుము తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. బరువు వ్యాయామం ఒక్కటే చేస్తే బరువు పెద్దగా తగ్గదు. బరువు తగ్గేది ముఖ్యంగా తిండిని సరిచేయడం వల్ల. ఆ తగ్గేది కొవ్వు అయ్యేలా చూసేది ఈ వ్యాయామం.

ఏం చేయాలి?

జిమ్ము అక్కరలేదు. ఒక గట్టి కుర్చీ, ఒక గోడ, రెండు లీటరు నీళ్ళ సీసాలు, ఒక పాత సైకిల్ ట్యూబు చాలు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం ఇస్తూ చేయండి.

1. కుర్చీలో కూర్చొని, చేతులు కట్టుకొని లేవండి, మెల్లగా కూర్చోండి. మోకాళ్ళ నొప్పి ఉంటే కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచండి. మన గుంజీళ్ళకు ఇది చెల్లెలు.

2. గోడకు చేతులు ఆనించి, ఒక అడుగు వెనక్కి నిలబడి, ఛాతీని గోడ దగ్గరకు తెచ్చి వెనక్కి నెట్టండి. పూర్వం తాలింఖానాలో తీసిన దండీలు నిలబడి తీసినట్టు.

3. సైకిల్ ట్యూబును కిటికీ ఊచకు వేసి, రెండు చేతులతో పొట్ట వైపు లాగండి.

4. వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు మడిచి, నడుమును పైకెత్తి దించండి.

5. కుర్చీ వీపు పట్టుకొని, మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడి దిగండి.

6. రెండు చేతుల్లో రెండు సీసాలు, తరువాత రెండు సంచులు పట్టుకొని, నిటారుగా వరండాలో నాలుగుసార్లు అటూ ఇటూ నడవండి.

మొదటి అయిదూ ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు. కొంచెం ఆగి మళ్ళీ ఒక విడత. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. హాయిగా 15 సార్లు చేయగలుగుతున్నారంటే బరువు పెంచే సమయం వచ్చిందని అర్థం. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, వదలండి. బిగబడితే బి.పి. పెరుగుతుంది. మర్నాడు కండరాలు కాస్త నొప్పి పుట్టడం మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపండి.

కొందరు మాత్రం డాక్టరు గారిని అడగకుండా మొదలుపెట్టకూడదు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు, షుగరు వల్ల కంటిలో రక్తం చిమ్మినవారు, హెర్నియా ఉన్నవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు, గర్భిణీలు ముందుగా చూపించుకోవాలి. ఇన్సులిను గానీ షుగరు మాత్రలు గానీ వాడేవారు పరగడుపున చేయవద్దు. దగ్గర కాస్త పంచదారో, గ్లూకోజు పొడో ఉంచుకోండి.

పళ్ళెంలో ఏముండాలి?

ఇటుకలు లేకుండా గోడ లేవదు. కండకు ఇటుకలు మాంసకృత్తులు. ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. వయసు మళ్ళినవారు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు తీసుకోవడం మంచిదని చాలామంది నిపుణులు చెబుతున్నారు. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు.

ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 గ్రాములు, కప్పు ముద్దపప్పులో 7 గ్రాములు, గుప్పెడు వేరుశెనగ గుళ్ళలో 7 గ్రాములు, 100 గ్రాముల చేపలో సుమారు 18 గ్రాములు, 30 గ్రాముల మీల్‌మేకరులో 15 గ్రాములు ఉంటాయి. రెండు చెంచాల పిండితో కాచిన రాగి జావలో రెండు గ్రాములు కూడా ఉండవు. బరువు తగ్గాలంటే తగ్గించవలసినవి అన్నం కుప్ప, నూనె, బజ్జీలు, తీపి టీలు. గుడ్డు, పప్పు, చేప, పెరుగు కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు గారు చెప్పినంతే తినాలి. డబ్బాల్లో అమ్మే పొడులు అక్కరలేదు. కండ పెంచడానికి వాటి జోలికి పోవద్దని అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో చెప్పింది.

2025లో మన దేశంలోకి బరువు తగ్గించే వారపు ఇంజెక్షన్లు వచ్చాయి. అవి ఆకలిని బాగా తగ్గిస్తాయి. డాక్టరు గారి పర్యవేక్షణలో వాడితే కొందరికి మేలే. కానీ వాటితో తగ్గే బరువులోనూ కొవ్వు కాని భాగం పోతుంది. ఆకలి లేక గుడ్డు, పప్పు కూడా తగ్గిపోతాయి. కాబట్టి ఆ ఇంజెక్షను తీసుకునేవారికి ఈ వ్యాయామం ఇంకా ఎక్కువ అవసరం.

చివరగా మూడు మనవులు

మొదటిది మా ఆసుపత్రి వారికి. "బరువు తగ్గండి" అని రాసిన ప్రతి చీటీలోనూ "వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామం" అని కూడా రాద్దాం. ఎలా చేయాలో చూపించడానికి పది నిమిషాలు చాలు. రాయడం మరచిపోతే మీరే అడగండి.

రెండవది ఇంటివారికి. చాలా ఇళ్ళలో అమ్మ అందరూ తిన్నాక తింటుంది. అప్పటికి కూరలో ముక్కలు అయిపోయి పులుసు మిగులుతుంది. ఆవిడ వాటా గుడ్డు, ఆవిడ వాటా చేప ముక్క ముందే తీసి పక్కన పెట్టండి. ఇంకొక మాట. పెద్దవాళ్ళ మీద ప్రేమతో మనం వాళ్ళ చేతిలోని కూరగాయల సంచి లాక్కుంటాము, "మీరు కూర్చోండి, మేము చేస్తాము" అంటాము. బాగా బరువైనది మీరు మోయండి. వాళ్ళు మోయగలిగినది వాళ్ళనే మోయనివ్వండి. వారి బలాన్ని కాపాడటం కూడా ప్రేమే.

మూడవది మనందరికీ. ఎవరైనా బరువు తగ్గి కనిపిస్తే "ఎంత సన్నబడ్డారు" అని ఊరుకోకండి. "ఓపిక ఎలా ఉంది? మెట్లు ఎక్కగలుగుతున్నారా?" అని కూడా అడగండి.

మన టీచరమ్మ గారు అయిదు నెలలుగా ఈ వ్యాయామాలు చేస్తున్నారు. గుడ్డు, చేప మళ్ళీ మొదలుపెట్టారు. బరువు ఒక కిలో పెరిగింది. నడుము మూడు సెంటీమీటర్లు తగ్గింది. కిందటి వారం మళ్ళీ అర నిమిషం లెక్కపెట్టాను, 12 సార్లు లేచారు. చర్చిలో చాప మీద నుంచి లేచేటప్పుడు ఇప్పటికీ ఒక చేయి నేలకు ఆనిస్తారు. పక్కావిడ భుజం మాత్రం పట్టుకోవడం లేదు.

ఇంట్లో గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి, పక్కన ఎవరినైనా నిలబెట్టుకొని, మీరు ఈరోజే లెక్కపెట్టి చూసుకోండి. వచ్చిన అంకెను క్యాలెండరు మీద రాసుకోండి. నెల తరువాత మళ్ళీ చూడండి. బరువు మిషను చూపే అంకె కన్నా ఆ అంకె మీకు ఎక్కువ సంగతులు చెబుతుంది.